వాసన తగ్గింది ఆకులోనా, కొనేవాడి ముక్కులోనా?

పొగాకు అమ్మకానికి తీసుకుపోయిన ప్రతి రైతుకూ ఈ తంతు తెలుసు. చెక్కు విప్పుతారు. మధ్యలోంచి నాలుగు ఆకులు లాగుతారు, వేళ్ల మధ్య నలుపుతారు, ముక్కు దగ్గర పెట్టుకుంటారు. 'వాసన లేదు' అంటారు. అంతే, గ్రేడు ఒక మెట్టు దిగిపోతుంది. ఆ మాటకు కొలత ఉండదు, కాగితం ఉండదు, మళ్లీ చూడమని అడగడానికి చోటు ఉండదు.

ఆ ఒక్క మాట ఖరీదెంతో లెక్క వేసుకుందాం. ఒక గ్రేడుకూ దాని కింద గ్రేడుకూ క్వింటాలుకు వెయ్యి రూపాయలే తేడా అనుకుందాం. ఎకరాకు 10 క్వింటాళ్లు పండినా ఎకరాకు పదివేలు పోయినట్టే. నాలుగెకరాలు కౌలుకు చేసినవాడికి నలభై వేలు. కౌలు కట్టి, కూలి ఇచ్చి, మందులకొట్టు బాకీ తీర్చాక ఆ మాత్రం కూడా మిగలని ఏడాదులు మనకు కొత్తేమీ కాదు. అంత డబ్బు ఒక మనిషి ఒక్క శ్వాసలో తేల్చేస్తున్నాడు. అందుకే ఆ శ్వాస సంగతి మనం తెలుసుకోవాలి.

వాసన, రుచి తగ్గాయనిపించడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఆకులోనే అవి పోవడం. రెండు, ఆకు బాగానే ఉన్నా చూసేవాడి ముక్కు, నాలుక అలిసిపోవడం. మొదటిది మన బాధ్యత. రెండోది మన తప్పు కాదు, దాని నష్టం మనం మొయ్యనక్కర్లేదు. ఈ రెండింటినీ వేరుచేసే పద్ధతి కొనుగోలు కేంద్రాల్లో ఉండాలన్నదే ఈ వ్యాసం చెప్పేది.

ఆకులో రుచి ఎక్కడ పోతుంది?

పొగాకు ఆకును చేత్తో తడిమితే జిగటగా తగిలేది ఆకు మీది సన్నటి నూగు నుంచి ఊరే జిగురు. వాసనలో చాలా భాగం ఆ జిగురులో, ఆకులోని నూనెల్లో ఉంటుంది. మిగతాది ఆరబెట్టేటప్పుడు, మాగేటప్పుడు తయారవుతుంది. పచ్చి ఆకులోని పిండిపదార్థం, ఆకుకు పసుపు రంగునిచ్చే పదార్థాలు మెల్లగా విరిగి వాసననిచ్చే పదార్థాలుగా మారతాయి. పచ్చి ఆకులో ముక్కు పొడిచే అమ్మోనియా ఘాటు మాగేకొద్దీ పోతుంది. అంటే వాసన అన్నది విత్తనంతోనే రాదు. కోత దగ్గర్నుంచి మండె వరకూ ప్రతి దశలోనూ వస్తుంది, పోతుంది కూడా.

ముదరని ఆకు కోస్తే పచ్చివాసన వదలదు. బ్యారన్‌లో కొన్ని రోజుల్లో కాల్చి ఆరబెట్టే వర్జీనియాలో చక్కెర నిలుస్తుంది. వారాల తరబడి గాలికి ఆరే బర్లీలో ఆ చక్కెర దాదాపు మిగలదు. అందుకే సిగరెట్ల తయారీలో బర్లీకి చక్కెర, అతిమధురం, కోకో లాంటివి పట్టించి వాడతారు. ఆరే దశలో వాన తగిలితే బూజు వాసన ఎక్కుతుంది. పదును లేకుండా ఎండిపోయిన ఆకు పొడి రాలుతుంది, నూనెలు ఎగిరిపోతాయి. పదును మరీ ఎక్కువైతే మండెలో వేడి పుట్టి ఆకు మాడినట్టు నల్లబడుతుంది. పొగాకు పక్కనున్న వాసనను ఇట్టే పీల్చుకుంటుంది. పురుగుమందు డబ్బాలు, కిరోసిన్, మిర్చి బస్తాలు ఉన్న గదిలో నిల్వ చేసిన ఆకుకు దాని వాసన ఒక్కటే మిగలదు.

మన ప్రాంతంలో నీటి సంగతీ చెప్పుకోవాలి. పల్నాడులో ఉప్పు నీటి బోర్లు తక్కువేమీ లేవు. ఆ నీటితో తడిపినా, పొటాష్ కోసం మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేసినా ఆకులో క్లోరైడ్ చేరుతుంది. అది ఒకటిన్నర, రెండు శాతం దాటిందంటే ఆకు సరిగా కాలదు, నిప్పు నిలవదు, పొగ రుచి చెడుతుంది. పొగాకుకు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వెయ్యమని చెప్పేది అందుకే.

చుట్ట సంగతి కూడా ఇంతే. గోదావరి లంకల్లో పండే లంక పొగాకుతో చుట్టిన చుట్టకైనా, క్యూబా సిగారుకైనా తేమే ప్రాణం. విదేశాల్లో సిగార్లను గాలిలో తేమ 65 నుంచి 70 శాతం ఉండేలా చూసే పెట్టెల్లో దాచుకుంటారు. అంతకంటే ఎండితే చుట్ట గబగబా వేడిగా కాలి చేదెక్కుతుంది. అంతకంటే తడిస్తే పొగ రాదు. మంచి చుట్టనైనా ఆగకుండా గుప్పుగుప్పున లాగితే నిప్పు వేడి పెరిగి వాసన మాడిపోతుంది. ఇవన్నీ వస్తువులో వచ్చే లోపాలు. వీటిని చూడొచ్చు, కొలవొచ్చు, చాలావరకు సరిచేసుకోవచ్చు.

ముక్కు, నాలుక ఎలా అలిసిపోతాయి?

చుట్ట తాగే పెద్దవాళ్లను అడగండి. పొద్దున్నే కాల్చిన మొదటి చుట్ట రుచి సాయంత్రం నాలుగో చుట్టకు ఉండదు. ఆకు అదే, కట్ట అదే, చుట్టిన చెయ్యీ అదే. మారింది నోరు.

ముక్కు లోపల పైభాగంలో వాసన పట్టే కణాలుంటాయి. కొత్త వాసన తగలగానే అవి మెదడుకు గట్టిగా కబురు పంపుతాయి. అదే వాసన ఆగకుండా వస్తుంటే కబురు తగ్గిస్తూ పోతాయి. మెదడు కూడా 'ఇది తెలిసిందేలే' అని పక్కన పెట్టేస్తుంది. ఇది జబ్బు కాదు, శరీరం స్వభావం. ఉన్న వాసనను వదిలేసి కొత్తగా వచ్చే వాసనను, అంటే పొగనో, కుళ్లునో, ప్రమాదాన్నో పసిగట్టడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు. కాసేపు బయటి గాలిలో ఉంటే ముక్కు మళ్లీ తేరుకుంటుంది.

మిర్చి గోదాములో పనిచేసేవాళ్లు మామూలుగా మాట్లాడుకుంటూనే ఉంటారు. బయటి నుంచి వచ్చినవాడు గుమ్మంలోనే దగ్గు ఆపుకోలేడు. మిర్చి కారం నిజానికి రుచి కాదు, మంట. ఆ మంటను కబురు చేసే నరాలు మళ్లీ మళ్లీ తగిలేసరికి మొద్దుబారతాయి. పొగలోని నికోటిన్, ఘాటు కూడా నోటిని అలాగే మొద్దుబారుస్తాయి. దానికి తోడు పొగ నోరు ఆరబెడుతుంది. లాలాజలంలో కరిగితేనే నాలుకకు రుచి తెలుస్తుంది. నోరు ఎండితే రుచి సగం పోయినట్టే.

ఇంకొకటి, పోలిక వల్ల వచ్చే తేడా. బాగా ఘాటైన ఆకు చూసిన వెంటనే మామూలు ఆకు చూస్తే చప్పగా అనిపిస్తుంది. లడ్డు తిన్నాక తాగిన టీ చప్పగా ఉన్నట్టే. టీలో చక్కెర తగ్గలేదు, ముందు తిన్నది దాన్ని మింగేసింది. మీ చెక్కుకు ముందు ఎవరి చెక్కు విప్పారన్నదాన్ని బట్టి మీ ఆకు వాసన మారిపోతుందన్నమాట.

అలసట ముదిరితే ఏమవుతుందో చూడాలంటే ఉత్తరాంధ్రకు పోవాలి. శ్రీకాకుళం వైపు పల్లెల్లో ఆడవాళ్లు నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డచుట్ట అలవాటు తరాలుగా ఉంది. ఆ వేడికి అంగిలి మందమై, తెల్లబడి, కొందరిలో క్యాన్సర్‌గా మారుతుందని డాక్టర్లు దశాబ్దాలుగా చెబుతున్నారు. ఈ వ్యాసం పొగ తాగడాన్ని వెనకేసుకురావడానికి కాదు. పొగాకు ఒంటికి చేటు, ప్రత్యామ్నాయ పంటలకు గిట్టుబాటు ధర కావాలన్నది వేరే పోరాటం. అప్పటిదాకా పండించిన ఆకును న్యాయంగా తూచమనడం మన హక్కు.

ఇప్పుడు కొనుగోలు కేంద్రానికి వద్దాం. గ్రేడు చూసే మనిషి పొద్దున్నుంచి పొగాకు దుమ్ము పీలుస్తూ వందల చెక్కులు చూస్తాడు. ఒక్కోదానికి దక్కేది క్షణాలే. అతని ముక్కు పదో చెక్కు దగ్గర ఉన్నట్టు రెండువందలో చెక్కు దగ్గర ఉండదు. అతను చెడ్డవాడు కానక్కర్లేదు, లంచగొండి కానక్కర్లేదు. మనిషైతే చాలు. వరుసలో ముందున్న రైతుకు తాజా ముక్కు దొరుకుతుంది, మధ్యాహ్నం ఎండలో నిలబడ్డ రైతుకు అలిసిన ముక్కు దొరుకుతుంది. ఇద్దరి ఆకూ ఒకే చేలోదైనా సరే.

నాలుకను నమ్ముకోని వ్యాపారాలు

ఇది మనం కొత్తగా కనిపెట్టిన ఫిర్యాదు కాదు. మిర్చి కారానికి 'స్కోవిల్' అనే కొలత ఉందని మన మిర్చి రైతులు వినే ఉంటారు. విల్బర్ స్కోవిల్ అనే అమెరికా ఫార్మసిస్టు 1912లో దాన్ని పెట్టాడు. మిర్చి సారాన్ని చక్కెర నీళ్లలో పలచన చేస్తూ పోయి, రుచి చూసేవాళ్లకు కారం తెలియకుండా పోయేసరికి ఎన్ని రెట్లు పలచనైందో అదే లెక్క. పద్ధతి బాగానే ఉంది కానీ ఒక చిక్కు వచ్చింది. రెండు మూడు నమూనాలు చూసేసరికి నాలుకలు మొద్దుబారేవి. ఒకరు చెప్పిన అంకె ఇంకొకరు చెప్పరు. అందుకే తర్వాత ప్రయోగశాలలో యంత్రంతో కారం పదార్థాన్ని నేరుగా కొలవడం మొదలైంది. ఇవాళ మిర్చి ఎగుమతిదారు విదేశీ కొనుగోలుదారుకు కారం, రంగు అంకెల్లో చూపిస్తాడు. తన సరుకు ధరను ఎవరి నాలుక మీదా వదలడు. మన దగ్గర కొనేటప్పుడు మాత్రం గుప్పెడు కాయలు చేతిలోకి తీసుకుని విరిచి, వాసన చూసి ధర చెబుతాడు.

ద్రాక్షసారా పోటీల సంగతి ఇంకా విచిత్రం. కాలిఫోర్నియా రాష్ట్ర సంతలో పేరున్న నిర్ణేతలకు ఒకే సీసాలోని సారాను, ఆ సంగతి చెప్పకుండా, మిగతావాటి మధ్య మూడుసార్లు పోసి చూశారు. రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే ఆయన ఆ ఫలితాలను 2008లో ప్రచురించాడు. మూడుసార్లూ దాదాపు ఒకే మార్కు ఇచ్చినవాళ్లు పదిమందిలో ఒక్కరే. అక్కడ నిర్ణేతలకు కుర్చీలున్నాయి, నీళ్లున్నాయి. అక్కడే అలా ఉంటే రేకుల షెడ్డు కింద, దుమ్ములో, మే నెల ఎండలో మన చెక్కులు చూసే మనిషి దగ్గర ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

అనుభవం ఉన్న ముక్కును ఏ యంత్రమూ మించదని వ్యాపారులు అంటారు. అందులో కొంత నిజముంది. చెక్కు మధ్యలో దాగిన బూజును తేమ మీటరు కంటే ముందు మంచి ముక్కే పడుతుంది. పొగాకు గ్రేడింగులో చెయ్యి, కన్ను, ముక్కు లేకుండా కుదరదని మనమూ ఒప్పుకుందాం. అయితే ముక్కు అంత విలువైన పనిముట్టు అయినప్పుడు దానికి విశ్రాంతి ఇవ్వాలి, అప్పుడప్పుడు సరిచూడాలి. కాటాకు ముద్ర వేయించి ఏటేటా తనిఖీ చేస్తున్నాం. కాటా అలిసిపోదు. అలిసిపోయే ముక్కుకు మాత్రం తనిఖీ లేదు.

అలసటా, సాకా?

ఇక్కడ అసలు చిక్కు ఉంది. సరుకు తక్కువైన ఏడాది ఎవరి ముక్కూ అలిసిపోదు. కళ్లాల దగ్గరికే వచ్చి, ఆకు సరిగా చూడకుండానే బయానా ఇచ్చిపోతారు. సరుకు ఎక్కువైన ఏడాది అదే ఆకులో రంగు లేదు, జిగురు లేదు, వాసన లేదు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అంటారు. మార్కెట్లో మాత్రం జిహ్వ ధరను బట్టి మారుతోంది.

2025లో మనం చూసింది ఇదే. హెచ్‌డీ బర్లీ అనీ నల్ల బర్లీ అనీ పిలిచే పొగాకు అంతకుముందు మంచి ధర పలకడంతో పల్నాడు, బాపట్ల, ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో విస్తారంగా వేశారు. కొనుగోళ్ల సమయానికి కంపెనీలు వెనక్కి తగ్గాయి. చివరికి రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా కొనాల్సి వచ్చింది. అదే ఏడాది ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. ఇలాంటి ఏడాదుల్లో 'వాసన లేదు', 'తాలు ఎక్కువ' అన్న మాటలు నాణ్యత గురించి చెప్పినవా, కొనకుండా తప్పించుకోవడానికి చెప్పినవా? రైతుకు తెలిసే దారి లేదు. కొలత లేనిచోట నిజమైన అలసటా, కావాలని చూపే సాకూ ఒకేలా కనిపిస్తాయి.

వర్జీనియా రైతుకు కొంత రక్షణ ఉంది. 1975 చట్టంతో వచ్చి, 1976 నుంచి గుంటూరు కేంద్రంగా పనిచేస్తున్న పొగాకు బోర్డు వేలం కేంద్రాలు నడుపుతోంది. అక్కడా లోపాలు లేకపోలేదు, అయినా నలుగురు కొనుగోలుదారులు ఒకే బేలు ముందు నిలబడతారు. ఒకరి ముక్కు అలిసినా ఇంకొకరి ముక్కు పనిచేస్తుంది. బర్లీ రైతుకు ఆ వేలం లేదు. ఒక కంపెనీ, ఒక మనిషి, ఒక మాట. కాదంటే చెక్కులు తిరిగి బండికెక్కించి ఇంటికి తెచ్చుకోవాలి. కిరాయి దండగ, నిల్వ దండగ. ఆ భయంతోనే అడ్డికి పావుసేరుకు వదిలేసి వస్తున్నాం.

మనం చేసుకోవలసినవి

మన ముక్కు కూడా అలిసిపోయేదే. పందిట్లో రోజుల తరబడి తిరిగిన రైతుకు, ఆకులు వేరుచేసే కూలీలకు తమ ఆకులో బూజు వాసన ఉన్నా తెలియకపోవచ్చు. చెక్కు కట్టేముందు పొగాకు పనిలో లేని మనిషిని, వేరే వీధి నుంచైనా పిలిపించి వాసన చూపించండి. పొద్దున్నే, ఆరుబయట చూపించండి. ముందు తేలిక ఆకు, తర్వాత ఘాటు ఆకు చూడండి. మధ్యలో కాసేపు ఆగండి.

ప్రతి మండె నుంచి కొన్ని ఆకులు తీసి, తేదీ రాసి, గాలి చొరని సంచిలో దాచండి. గ్రేడు దగ్గర పేచీ వచ్చినప్పుడు చేతిలో సాక్ష్యం ఉంటుంది. వాన పడిన రోజు, మండె తిరగేసిన రోజు ఒక పుస్తకంలో రాసుకోండి. మందు డబ్బాలున్న గదిలో ఆకు పెట్టకండి. చెక్కుల్లో ప్లాస్టిక్ దారం, గోనె పోగులు చేరకుండా చూడండి. ఆకులో నిజంగా లోపం లేదన్న ధైర్యం ఉన్నప్పుడే మన వాదన నిలుస్తుంది.

మనం అడగవలసినవి

మొదటిది, గ్రేడు తగ్గించినా, వెనక్కి పంపినా కారణం కాగితం మీద రాసివ్వాలి. వాసనా, రంగా, తేమా, బూజా అన్నది పేరు పెట్టి రాయాలి. రాయవలసి వచ్చినప్పుడు మాట దానంతటదే జాగ్రత్తగా వస్తుంది.

రెండోది, కొలవగలిగిన ప్రతిదాన్నీ కొలవాలి. తేమ మీటరు అంకె రైతుకు చూపించాలి. నికోటిన్, చక్కెర, క్లోరైడ్ పరీక్షలు కొనేవాళ్లకు చేతకానివి కావు. రైతు అడిగితే ఆ ఫలితం అతనికీ ఇవ్వాలి. మిర్చి యార్డుల్లో కారం, రంగు పరీక్ష రైతుకు అందుబాటు ఖర్చులో ఉండాలి.

మూడోది, మరో చూపు. వాసన లేదని తగ్గించిన చెక్కును మర్నాడు పొద్దున, రైతు పేరు, పాత గ్రేడు తెలియకుండా, ఇంకో మనిషికి చూపించాలి. ఇద్దరి మాటా ఒకటైతే రైతు ఒప్పుకోవాలి. తేడా వస్తే పై గ్రేడు ఇవ్వాలి.

నాలుగోది, ఒక మనిషి రోజుకు ఎన్ని చెక్కులు చూడొచ్చో పరిమితి పెట్టాలి. మధ్యలో బయటి గాలికి విరామం ఇవ్వాలి. ఇది గ్రేడు చూసే ఉద్యోగికీ మేలే. ఎవరి చెక్కులు ముందు, ఎవరివి తర్వాత అన్నది పలుకుబడితో కాక చీటీలు తీసి తేల్చాలి.

ఐదోది, బర్లీకి కూడా వేలం కావాలి. అది వచ్చేదాకా, విత్తనం ఇచ్చి వెయ్యమన్న కంపెనీ ఎంత కొంటుందో, ఏ గ్రేడుకు ఎంత ఇస్తుందో నాటుకు ముందే రాసివ్వాలి. ప్రభుత్వం కొనే ఏడాది మార్క్‌ఫెడ్ కేంద్రాల్లోనూ ఇవే నియమాలు ఉండాలి.

ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఒక మీటరు, ఒక రసీదు పుస్తకం, ఇంకో మనిషి చాలు. వచ్చే సీజను కొనుగోళ్లు మొదలయ్యేలోగా నరసరావుపేట, గురజాల, సత్తెనపల్లి డివిజన్లలో ప్రతి గ్రామ కమిటీ ఈ ఐదు డిమాండ్ల మీద తీర్మానం చేసి మార్కెటింగ్ అధికారులకు అందజేయాలి. గ్రేడు తగ్గించిన ప్రతి సందర్భాన్నీ తేదీ, సమయం, చెప్పిన కారణంతో సహా సంఘం పుస్తకంలో నమోదు చేయించండి. పొద్దున తగ్గినవి ఎన్ని, మధ్యాహ్నం తగ్గినవి ఎన్ని అన్న లెక్క మన చేతిలో ఉన్న రోజున, వాసన ఎక్కడ తగ్గిందో మనం చెప్పగలం.